విద్యకు జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామము 25 సంవత్సరములు తన గ్రంథాలయమును నిలుపుకొనుట సామాన్య విషయము కాదు. భవనము వలన గాని, బీరువాల వలన గాని గ్రంథాలయము నిలువదు. ఏ పుస్తకము ఎవరు తీసికొనిరి, ఎన్నడు తిరిగి యిచ్చిరి అను పద్దు నమ్మకముగా వ్రాయబడుచున్నంత కాలమే అది నిలుచును. ఇట్టి పద్దు ఇప్పుడు కళాశాలలో చదువునకును ఏర్పడినది. ఆ పద్దు ఎట్లు వ్రాయబడునో తెలిసికొనుట ఈ సభకు ఉచితమైన విషయమే.

పూర్వము కుమారుడు పట్టపరీక్ష వ్రాసి వచ్చినచో తండ్రి అడుగు ప్రశ్న ఒక్కటే: "ఏ క్లాసులో ప్యాసయ్యావురా?" మొదటి తరగతియా, రెండవ తరగతియా, మూడవ తరగతియా అను మాటతో ఊరంతటికిని విషయము తెలిసిపోయెడిది. నేడు కుమార్తె కళాశాల నుండి వచ్చి, "ఏడు పాయింట్ రెండు అయిదు వచ్చింది, నాన్నా. ఒక పేపరు మాత్రం ఉండిపోయింది" అని చెప్పుచున్నది. ఆ తండ్రికి అది సంతోషింపదగిన వార్తయో, విచారింపదగిన వార్తయో తెలియదు. తెలియనందున అడుగడు. అడుగనందున బిడ్డకు రావలసిన హక్కు ఒక్కొక్కప్పుడు జారిపోవుచున్నది. కావున ఈ లెక్క చదువుకొనువారికే గాక చదివించువారికిని తెలియవలెను.

మొదట పాత పద్ధతిని స్మరింపవలెను. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములందు విశ్వవిద్యాలయములు స్థాపింపబడినవి. లండను విశ్వవిద్యాలయము వాటికి మాదిరి. పరీక్షించుట, పట్టమిచ్చుట వాటి ముఖ్య కార్యము. తరువాత 1918లో ఉస్మానియా, 1926లో ఆంధ్ర, 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములు వెలసినవి. సంవత్సరమంతయు చదివి, చివర కొన్ని దినములలో పరీక్ష వ్రాయుట చిరకాలము సాగిన ఆచారము. ఏడాది పైరు కోతకు వచ్చిన రాత్రి గాలివాన వచ్చినచో రైతు గతి యేమగునో, పరీక్షనాడు జ్వరము వచ్చిన విద్యార్థి గతి అదే. విత్తినది, నాటినది, కలుపు తీసినది లెక్కకు రాదు. కళ్ళమునకు చేరినదే లెక్క.

ఈ పద్ధతి కాఠిన్యమునకు మొదటినుండియు సాక్ష్యములు కలవు. 1858లో కలకత్తా విశ్వవిద్యాలయము జరిపిన తొలి బి.ఏ. పరీక్షలో పట్టమందినవారు ఇద్దరే. వారిలో ఒకరు తరువాత ప్రసిద్ధ నవలాకారుడైన బంకించంద్ర చటోపాధ్యాయుడు. ఆ ఇద్దరును ఒక విషయమున కొలది మార్కులు తక్కువైనందున, దయతో మార్కులు కలిపియే వారికి పట్టమిచ్చిరి. ఆ దయయే లేకున్నచో ఆ తొలి బి.ఏ. పరీక్షలో ఒక్కరును ఉత్తీర్ణులు కాకపోయెడివారు!

మద్రాసు విశ్వవిద్యాలయమున శ్రీనివాస రామానుజన్ కథ ఇంకను విచారకరము. గణితమున ఆయనకు సాటి లేరు. కాని 1906లోను, మరల 1907లోను ఆయన ఎఫ్.ఏ. పరీక్షలో తప్పెను. గణితము తక్క మిగిలిన విషయములలో మార్కులు చాలలేదు. ఒక విషయములోని అసాధారణ ప్రజ్ఞ తక్కిన విషయములలోని లోపముతో పాటు కొట్టుకొనిపోయినది. గడించిన దానిని గడించినట్లు వ్రాసి ఉంచు పద్దు ఆనాడు లేదు.

ఇట్టి పద్దు అమెరికా దేశమున పుట్టినది. 1869లో చార్లెస్ విలియం ఎలియట్ హార్వర్డు కళాశాలకు అధ్యక్షుడయ్యెను. అంతవరకు విద్యార్థులందరును దాదాపు ఒకే పాఠములు చదువవలసి యుండెను. ఎలియట్ నలువది సంవత్సరముల పాలనలో విద్యార్థి తనకు వలసిన పాఠములను తాను ఎన్నుకొనుటకు వీలు కల్పించెను. అయితే ఎన్నిక వచ్చినంతనే ఒక చిక్కు వచ్చినది. ఒకడు గ్రీకు భాష, ఒకడు రసాయన శాస్త్రము, ఒకడు చరిత్ర చదివినపుడు ముగ్గురును సమానముగా చదివిరని ఎట్లు చెప్పుట? బియ్యమును, పప్పును, బెల్లమును ఒకే బండిపై వేసికొనిపోవువానికి తూనిక కావలెను గదా!

ఆ తూనిక విచిత్రమైన రీతిగా లభించెను. ఆండ్రూ కార్నెగీ అను ఉక్కు వ్యాపారి పేరు గ్రంథాలయములపై అభిమానము గలవారు వినియేయుందురు. 1883 మొదలు 1929 వరకు ఆయన ధనముతో ప్రపంచమున 2,500కు పైగా గ్రంథాలయములు నిర్మింపబడినవి. ఆయనయే 1905లో కళాశాల అధ్యాపకుల పింఛనుల కొరకు కోటి డాలర్లు విరాళమిచ్చెను. పింఛను ఇయ్యవలెనన్న కళాశాల యనగా నేమో నిర్ణయింపవలెను. కళాశాలలో చేరువాడు ఉన్నత పాఠశాలలో 14 యూనిట్ల చదువు ముగించి యుండవలెననియు, ఒక విషయమున సుమారు 120 గంటల బోధన ఒక యూనిటనియు ఆ సంస్థ నిబంధన చేసెను. ముసలి అధ్యాపకుల పింఛనుకై పుట్టిన కొలత క్రమముగా విద్యార్థుల చదువునకు కొలతయైనది. కళాశాలలును అదే త్రోవలో గంటలను లెక్కించి క్రెడిట్లుగా వ్రాయసాగినవి. నేటికిని అక్కడ నాలుగేండ్ల పట్టమునకు సామాన్యముగా 120 క్రెడిట్లు కావలెను. ఐరోపా దేశములు 1989లో తమకు వేరొక కొలత నేర్పరచుకొన్నవి. అక్కడ ఒక సంవత్సరపు చదువు 60 క్రెడిట్లు. ఒక దేశమున చదివిన చదువు మరియొక దేశమున చెల్లవలెనన్నదే దాని ముఖ్యోద్దేశము.

భారతదేశమునకు ఈ పద్ధతి ఇటీవల వచ్చినదని అనేకులు తలంతురు. అది పూర్తిగా సత్యము కాదు. 1959లో స్థాపింపబడి అమెరికా విశ్వవిద్యాలయముల సహాయమందుకొన్న కాన్పూరు సాంకేతిక విద్యాలయమున సెమిస్టర్లు, అక్షర గ్రేడులు ఆదినుండియు కలవు. 1960లో పంత్‌నగరున, 1964లో హైదరాబాదున వెలసిన వ్యవసాయ విశ్వవిద్యాలయములు అమెరికా వ్యవసాయ కళాశాలల మాదిరిని అనుసరించినవి. అనగా నాగలిని గురించి చదివినవారు ఈ లెక్కను ఇతరులకంటె ముందే నేర్చిరి. 1982లో హైదరాబాదున దేశములో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము వచ్చినది. ఈ రెండవ దానిలో విద్యార్థి 30 గంటలు చదువుటను ఒక క్రెడిటుగా లెక్కింతురు. సాధారణ కళాశాలలకు మాత్రము 2015లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము మార్గదర్శకములు ప్రకటించిన పిమ్మటనే ఈ పద్ధతి విస్తారముగా వచ్చినది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో 2015-16 నుండియు, తెలంగాణమున 2016-17 నుండియు ఇది అమలునకు వచ్చినది.

ఇక లెక్కలోనికి పోవలెను. క్రెడిటు అనగా జమ. సంవత్సరమును రెండు సెమిస్టర్లుగా విభజింతురు. ఒక్కొక్క సెమిస్టరునకు 90 పని దినములుండవలెనని నియమము. వారమునకు ఒక గంట పాఠము చొప్పున సెమిస్టరంతయు విన్నచో ఒక క్రెడిటు. ప్రయోగశాలలో పని యైనచో వారమునకు రెండు గంటలకు ఒక క్రెడిటు. వారమునకు నాలుగు గంటలు బోధింపవలసిన చరిత్రకు 4 క్రెడిట్లు. రెండు గంటల కంప్యూటరు పాఠమునకు, అది ఉపన్యాసమైనచో 2 క్రెడిట్లు. కావున క్రెడిటు పాఠము యొక్క బరువును తెలుపును. విద్యార్థి ఎంత బాగుగా చదివెనో అది తెలుపదు.

బాగోగులు తెలుపునది గ్రేడు. 2015 నాటి మార్గదర్శకములలో పది పాయింట్ల మెట్లు కలవు. 'ఓ' అనగా అత్యుత్తమము, దానికి 10; 'ఏ ప్లస్' 9; 'ఏ' 8; 'బి ప్లస్' 7; 'బి' 6; 'సి' 5; 'పి' అనగా కేవలము ఉత్తీర్ణత, దానికి 4; 'ఎఫ్' అనగా తప్పుట, దానికి సున్న. ఎన్ని మార్కులకు ఏ గ్రేడన్నది ఆయా విశ్వవిద్యాలయములు నిర్ణయించును.

బరువు ఒకటి, నాణ్యము ఒకటి. ఈ రెండింటిని కలుపుటయే లెక్క. రైతు నాలుగు బస్తాలు ఒక ధరకును, రెండు బస్తాలు వేరొక ధరకును అమ్మినపుడు రెండు ధరలను కలిపి సగము చేసినచో సగటు ధర రాదు. ఒక్కొక్క ధరను బస్తాల సంఖ్యతో హెచ్చించి, మొత్తమును బస్తాలన్నిటితో భాగింపవలెను. ఇదియు అట్టిదే. ఒక బాలిక మొదటి సెమిస్టరున ఆరు విషయములు చదివెననుకొనుడు. తెలుగు 3 క్రెడిట్లు, గ్రేడు పాయింట్లు 9. ఆంగ్లము 3 క్రెడిట్లు, 6. అర్థశాస్త్రము 4 క్రెడిట్లు, 8. చరిత్ర 4 క్రెడిట్లు, 7. రాజనీతి 4 క్రెడిట్లు, 5. కంప్యూటరు 2 క్రెడిట్లు, 10. హెచ్చింపగా వరుసగా 27, 18, 32, 28, 20, 20 వచ్చును. మొత్తము 145. క్రెడిట్లు మొత్తము 20. భాగింపగా 7.25. ఆ తండ్రికి అర్థము గాని అంకె ఇదియే. దీనిని ఆ సెమిస్టరు సగటు అందురు. బరువులను విడిచి ఆరు గ్రేడులను ఊరక కూడి ఆరింట భాగించినచో 7.5 వచ్చెడిది. రెండు క్రెడిట్ల కంప్యూటరులో వచ్చిన పది, నాలుగు క్రెడిట్ల రాజనీతిలో వచ్చిన అయిదును కప్పిపుచ్చకుండుటకే ఈ ఏర్పాటు. సెమిస్టర్లన్నిటిని ఇట్లే క్రెడిట్ల బరువుతో కలిపినచో మొత్తపు సగటు వచ్చును.

ఒక విషయమున తప్పినచో నేమగును? పై బాలికకు చరిత్రలో 'ఎఫ్' వచ్చెననుకొనుడు. 145లో 28 పోయి 117 మిగులును. ఆ 20 క్రెడిట్లపై సగటు 5.85కు పడును. అయినను తక్కిన 16 క్రెడిట్లు ఆమె ఖాతాలో చెక్కుచెదరవు. చరిత్ర ఒక్కటి మరల వ్రాసి ఆరు పాయింట్లు తెచ్చుకొన్నచో 24 కలిసి మొత్తము 141, సగటు 7.05 అగును. పూర్వము పెక్కు పరీక్షలలో ఒక విషయమున తప్పినవాడు అన్ని విషయములు మరల వ్రాయవలసి వచ్చెడిది. ఆ క్రూరత్వము ఇందు లేదు. రామానుజన్‌కు ఈ పద్ధతి యున్నచో పట్టము వచ్చెడిదా యన్న ప్రశ్నకు సులభముగా అవునని చెప్పరాదు. తక్కిన విషయములలో ఆయన ఎప్పటికైనను ఉత్తీర్ణుడు కావలసియే యుండెను. కాని గణితమున గడించినది మాత్రము ఆయన పేర భద్రముగా నిలిచెడిది.

రెండవ మేలు ఎన్నిక. పూర్వము బి.ఏ. విద్యార్థికి నిర్ణీతమైన మూడు విషయముల కట్ట ఒకటి చేతికి వచ్చెడిది. ఇప్పుడు ప్రధాన విషయముతో పాటు ఇష్టానుసారముగా మరికొన్నింటిని, చేతి నైపుణ్యము నిచ్చు పాఠములను ఎన్నుకొనవచ్చును. చరిత్ర చదువునతడు కంప్యూటరును, రసాయన శాస్త్రము చదువు నామె సంగీతమును చేపట్టుటకు నియమములలో చోటున్నది. 2017లో ప్రారంభమైన 'స్వయం' అను ప్రభుత్వ ఏర్పాటు ద్వారా ఇంటినుండియే కొన్ని పాఠములు చదివి, పరీక్ష నిచ్చి, ఆ క్రెడిట్లను కళాశాల లెక్కలో చేర్చుకొనవచ్చును.

మూడవది ఖాతా. 2020 జాతీయ విద్యావిధానమును అనుసరించి 2021 జూలైలో క్రెడిట్ల నిధి యొకటి నెలకొల్పబడినది. బ్యాంకులో సొమ్మువలె విద్యార్థి పేర ఇందు క్రెడిట్లు జమయగును. విద్యార్థి తనంతట తాను జమ వేసికొనలేడు, విద్యాసంస్థయే వేయవలెను. ఆ క్రెడిట్లు సామాన్యముగా ఏడు సంవత్సరముల వరకు చెల్లునని 2021 నియమములు తెలిపినవి. 2022 డిసెంబరున ప్రకటింపబడిన ప్రణాళికలో మెట్లు ఏర్పరచిరి: 40 క్రెడిట్లకు సర్టిఫికెట్టు, 80కి డిప్లొమా, 120కి మూడేండ్ల పట్టము, 160కి నాలుగేండ్ల ఆనర్సు పట్టము. మొదటి రెండు మెట్లలో ఆగిపోవువారు వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి పాఠమొకటి అదనముగా ముగింపవలెను. అట్లు ఆగినవారు మూడేండ్లలోపున మరల చేరి, మొత్తము ఏడేండ్లలో చదువు పూర్తిచేయుటకు వీలు కల్పింపబడినది.

ఈ నియమములో ఒక జీవితపు కష్టసుఖములు ఇమిడియున్నవి. పల్లెనుండి బస్సుపై పట్టణ కళాశాలకు పోవుచున్న బాలికను తలచుకొనుడు. రెండేండ్లు చదివిన పిమ్మట తండ్రి మంచము పట్టును, లేదా పెండ్లి కుదురును. చదువు ఆగును. పాత పద్ధతిలో ఆమె చేతిలో కొన్ని మార్కుల కాగితములు తప్ప మరేమియు లేదు. తరువాత పరీక్షకు కట్టుకొను వీలున్నను, అత్తవారి ఊరు వేరొక విశ్వవిద్యాలయము క్రిందికి వచ్చినచో చదువు తరచుగా మొదటికి వచ్చెడిది. ఇప్పుడు ఆమె 80 క్రెడిట్లు ఆమెతోకూడ పోగలవు. ఇది చిన్న మార్పు కాదు.

అయితే ఈ పద్ధతిలోని లోపములను దాచిపెట్టుట సభకు ద్రోహము చేయుటయే. తలుపు లోనికి తెరచుకొనునట్లే వెలుపలికిని తెరచుకొనును. "సర్టిఫికెట్టు వచ్చింది గదమ్మా, ఇక చాలు" అని ఇంటివారు ఆడపిల్లను మాన్పించుటకు ఇది సాకు కారాదు. ఒక సంవత్సరపు సర్టిఫికెట్టు, మూడేండ్ల పట్టము ఉద్యోగమిచ్చువాని దృష్టిలో సమానములు కావు. మధ్యలో ఆగుట కష్టకాలమున ఊతకర్రయే గాని, నడచువానికి కర్రతో పనిలేదు.

ఎన్నిక మాట కూడ ఇట్టిదే. కాగితముపై ఇరువది పాఠములున్నను, కళాశాలలో ఇద్దరే అధ్యాపకులున్నచో విద్యార్థికి మిగులునది ఆ ఇద్దరు చెప్పగలిగినవే. పెద్ద నగరములోని కళాశాలకు ఎన్నిక నిజము. చిన్న ఊరి కళాశాలకు అది తరచుగా పేరు మాత్రమే. సెమిస్టరునకు 90 దినములన్న నియమము, ప్రవేశములు ఆలస్యమైన చోట అరువది దినములకు కుదించుకొనిపోయిన, క్రెడిటు వ్రాయబడును గాని చదువు వ్రాయబడదు. కళాశాల లోపలి పరీక్షల మార్కులు కూడ ఒకచోట పిసినారితనముతోను, ఒకచోట ధారాళముగాను పడుట కలదు. ఇక సగటును శాతముగా మార్చు సూత్రము విశ్వవిద్యాలయములన్నిటికిని ఒకటి కాదు. శాతమడుగు ఉద్యోగపు దరఖాస్తులలో దీనివలన చిక్కులు కలుగుచున్నవి.

అన్నిటికంటె మూలమైన ఆక్షేపణ ఒకటి కలదు. గంటలను కొలిచినచో జ్ఞానమును కొలిచినట్లగునా? ఈ కొలతను పుట్టించిన కార్నెగీ సంస్థయే శతాబ్దము గడచిన పిమ్మట 2015లో తన కొలతను తానే విమర్శించుకొన్నది. అది కాలమును తెలుపునే గాని నేర్చినదానిని తెలుపదని ఒప్పుకొన్నది. అయినను దానికి బదులుగా అందరికి పనికివచ్చు వేరొక కొలత సిద్ధముగా లేదనియు గ్రహించినది. కుంచము ధాన్యపు రుచిని చెప్పలేదు. అయినను కుంచము లేక అంగడి సాగదు.

కావున గ్రామస్థులు చేయదగినవి కొన్ని కలవు. బిడ్డ కళాశాలలో చేరినంతనే క్రెడిట్ల ఖాతా తెరచిరా యని అడుగవలెను. ప్రతి సెమిస్టరు పిమ్మట ఆ జమ నిజముగా పడినదో లేదో డిజిలాకర్‌లో చూపింపుమనవలెను. పడకున్నచో కళాశాలకు వెంటనే వ్రాతమూలముగా తెలుపవలెను. గ్రేడుల పత్రములను, విశ్వవిద్యాలయపు శాతము మార్పు సూత్రమున్న కాగితమును భద్రపరుపవలెను. చదువు మానక తప్పనిచో ఎన్ని క్రెడిట్ల వద్ద ఆగుచున్నది, మరల చేరుటకు గడువెంత అని ఆ విశ్వవిద్యాలయపు నియమములను కనుగొని మరీ మానవలెను. 76 క్రెడిట్ల వద్ద ఆగుటకును 80 వద్ద ఆగుటకును మధ్యనున్న తేడా ఒక్క పాఠమే. కాని ఆ పాఠమువలననే డిప్లొమా వచ్చుట, రాకపోవుట నిర్ణయమగును.

ఈ పనిలో గ్రంథాలయమునకు చోటున్నది. సమీప కళాశాలల పాఠ్యప్రణాళికలను తెప్పించి ఉంచుట, ఖాతా తెరచుట తెలియని వారికి ఒక సాయంకాలము చూపుట, 'స్వయం' పాఠములు వినుటకు ఒక కంప్యూటరును, నిశ్శబ్దమైన ఒక మూలను ఇచ్చుట — వీనికి గొప్ప ధనము అవసరము లేదు. చదువు మధ్యలో మానిన ఆడపడుచు ఊరిలో నున్నచో, ఆమె ఖాతా బ్రతికియున్నదేమో విచారించి చెప్పుట ఈ పనులన్నిటిలో శ్రేష్ఠము.

గ్రంథాలయమున క్రెడిట్లు లేవు, గ్రేడులు లేవు. ఇక్కడ చదివినవానికి ఎవరును మార్కులు వేయరు. అయినను 25 ఏండ్లుగా ఈ ఊరివారు ఇక్కడ చదువుచునే యున్నారు. పట్టమునకు కావలసిన లెక్కను కళాశాల వ్రాయుగాక. చదువుపై కోరికను ఈ గ్రంథాలయము వృద్ధిచేయుగాక. ఆగిపోయిన చదువునకు మరల తలుపు తెరచియున్నదని తెలిసి, ఈ గ్రామమునుండి ఒక్క బాలిక యైనను తిరిగి కళాశాల మెట్లెక్కినచో ఈ రజతోత్సవము సార్థకమైనట్లే.

స్వస్తి.